ముప్పై ఒకటో ప్రతి

ఉత్తర మెల్‌బోర్న్ స్వతంత్ర కామిక్స్ సంరక్షణ సంఘం పోయిన ఏడాది సాధించిన ఘనవిజయాన్ని లోకానికి వెల్లడించడానికి, సదరు సంఘ కార్యదర్శిగా, ఎంతో సంతోషిస్తున్నాను. ఆ ఏడాది సభ్యులు ఇరవై ఏడుగురూ కలిసి పద్నాలుగు వందల పైచిలుకు పుస్తకాలు సేకరించారు. వాటిలో ఏ ఒక్కదాన్నీ ఏ ఒక్కరూ చదవలేదు. ఇందుకు భిన్నంగా ఎవరైనా ఏమైనా చెబితే నమ్మవద్దని మనవి.

స్వతంత్ర కామిక్స్ అంటే మీకు తెలియనిది కాదు. బొమ్మ తానే గీసి, మాట తానే రాసి, జిరాక్స్ తానే తీసి, మడత తానే పెట్టి, పిన్ను తానే కొట్టి, చివరికి ఏటేటా జరిగే మేళాలో బల్ల వెనక తానే నిలబడి అమ్ముకునే మనిషి చేసే పుస్తకం. పెద్ద కంపెనీల కామిక్స్‌లో వీరులు మేడల మీంచి మేడల మీదికి ఎగురుతారు. మా కామిక్స్‌లో వీరులు అద్దెలు పెరిగి ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి మారతారు. కళ అంటే ఇదే.

సంచిక చేతికి రాగానే దాన్ని సంచిలో వేయడం మా మొదటి ధర్మం. ఆ మాటలోనే ఈ మాట ఉంది చూడండి! పారదర్శకమైన ప్లాస్టిక్ సంచి, వెనక వంగకుండా తెల్లటి అట్టముక్క, పైన అంటుకునే పట్టీ. ఆ తర్వాత పెట్టె. పెట్టె తర్వాత అలమార. అలమార తర్వాత తాళం. నాణ్యతకు పదికి మార్కులు వేస్తాం. పుస్తకం తెరిస్తే ఒక మార్కు పోతుంది. పేజీ తిప్పితే మరొకటి. చదువుతూ నవ్వితే తుంపర్లు పడతాయి కనుక రెండు. ఏడిస్తే ఆ పుస్తకాన్ని పాత సామాన్ల దుకాణానికి ఇచ్చేయడమే మర్యాద. పఠనానికీ పతనానికీ ఒక్క అక్షరమే తేడా అన్నది మా సంఘ సూత్రం.

ప్రెస్టన్‌లోని స్కౌట్ల హాల్లో నెలకో ఆదివారం మధ్యాహ్నం కలుస్తాం. ఒక్కొక్కరూ లేచి తాము కొత్తగా సంపాదించిన సంచిని రెండు చేతులా ఎత్తి చూపుతారు. మిగతావాళ్ళం "ఆహా" అంటాం. తర్వాత టీ, లామింగ్టన్ కేకులు. లామింగ్టన్ మీది కొబ్బరి తురుము రాలుతుంది కాబట్టి కేకుకూ పుస్తకానికీ మధ్య ఏడడుగుల దూరం పాటించాలని ఒక ఉపనిబంధన ఉంది. ఏడడుగులూ నడిచి దూరమయ్యే దాంపత్యం మాదొక్కటే.

మా అధ్యక్షుడు మెర్విన్ ట్రెగెంజా నలభై ఏళ్ళు కట్టుడు పళ్ళు చేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దమనిషి. పళ్ళు ఊరందరివీ చేశాడు కానీ పెద్ద మీసం మాత్రం సొంతమే. ప్రపంచంలో రెండే రెండు ప్రతులున్న ఒక పుస్తకం ఆయన దగ్గరుంది. రెండూ ఆయన దగ్గరే ఉన్నాయి. ఉపాధ్యక్షురాలు డెల్విన్ ప్రూయిట్ చేతులకు తెల్లటి నూలు తొడుగులు, చేతిసంచిలో గాలిలోని తడిని కొలిచే పరికరం లేకుండా ఎక్కడికీ కదలదు. సొంత కూతురి పెళ్ళిలో వధూవరులు ఒకరినొకరు పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే, ముల్లు డెబ్బై దాటిందని అందరినీ కిటికీలు తెరవమన్న నిష్ఠాగరిష్ఠురాలు.

ఇక నిబంధన నాలుగు. ఇది మా రాజ్యాంగానికి ప్రాణం. "ఏ పుస్తకమైనా ముప్పై ప్రతులు మించి ఉండరాదు. మించినచో అది పాఠకులపై ఆధారపడినదగును. ఆధారపడినది స్వతంత్రము కానేరదు." ఈ తర్కాన్ని ఇంతవరకూ ఎవరూ ఖండించలేదు. ఖండించాలంటే ముందు చదవాలి కదా.

ఇంతటి నియమాలకూ తగిన కళాకారిణి మాకు ఒక్కతే దొరికింది. ఆమె గ్లెనిస్ ట్రస్కాట్. మా పేట ఈతకొలనులో టికెట్ కిటికీ దగ్గర పదహారేళ్ళుగా కూర్చుంటోంది. ఇద్దరు ఈతగాళ్ళ మధ్య దొరికే ఖాళీలో బొమ్మలు గీస్తుంది. పుస్తకం పేరు "లోతు తక్కువ వైపు". ఏడాదికి రెండు సంచికలు, సంచికకు ముప్పై ప్రతులు. లోపలి అట్ట మీద చేత్తో వేసిన అంకె, పక్కన పొట్టి సంతకం. ఇరవై ఏడు మాకు, మూడు మా భద్రాగారానికి. ముప్పై ఒకటో మనిషి ఆ పుస్తకం మొహం చూసి ఎరగడు. గ్లెనిస్ అంటే మాకెంత అభిమానమో ఇంతకంటే ఎలా చెప్పాలి? లోకం కంట పడనివ్వకుండా కాపాడుకున్నాం.

మేళాలో ఆమె ప్రతిసారీ అదే ప్రశ్న అడిగేది.

"పోయిన సంచిక చదివావా మెర్విన్?"

"అద్భుతం గ్లెనిస్! ఆ పిన్నులు రెండూ ఒకే గీత మీద పడ్డాయి చూడూ, స్కేలు పెట్టి కొలిచాను!"

"కథ ఎలా ఉంది?"

"కథకేం, పిన్నుల మధ్య భద్రంగా ఉంది."

ఆమె నవ్వేది. పదేళ్ళు అలాగే నవ్వింది. ఇరవయ్యో సంచిక తెచ్చిన రోజు మాత్రం నవ్వకుండా నన్ను బల్ల పక్కకి పిలిచింది.

"వార్విక్, నీకో మాట చెప్తాను, రాసుకుంటావో రాసుకోవో నీ ఇష్టం. ఇదే ఆఖరు. ఇహ గియ్యను."

"ఏమైంది గ్లెనిస్?"

"ఏమీ అవ్వలేదు, అదే గొడవ. పదేళ్ళ నుంచి గోడకి కథలు చెప్తున్నట్టుంది. గోడైనా అప్పుడప్పుడూ పెచ్చులూడుస్తుంది. మీరు అదీ లేదు. ఒక్కరు, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు, చదివి బాగుందనో చెత్తగా ఉందనో అంటే ఇరవై ఒకటోది గీస్తా. లేదంటే పెన్ను అవతల పారేసి హాయిగా ఈత నేర్చుకుంటా. పదహారేళ్ళు కొలను పక్కనే ఉండి ఈత రాదంటే నవ్వుతున్నారు."

"మాలో కూడా ఎవరికీ..." అనబోయి ఆగాను. ఆమె మొహం చూస్తే హాస్యానికి ఏడడుగుల దూరం పాటించాలనిపించింది. ఆ మాటలన్నీ యథాతథంగా సమావేశ వివరాల పుస్తకంలో, "ఇతర విషయములు" అన్న శీర్షిక కింద, హాలు అద్దె తర్వాత నమోదు చేశాను.

ఆ వార్త సంఘంలో కలిగించిన ఆనందం అంతా ఇంతా కాదు. "సెట్టు పూర్తయింది!" అని మెర్విన్ కుర్చీలోంచి లేచాడు. సేకరించేవాళ్ళ బాధ మీకు తెలియదు. బతికున్న కళాకారుడు ఎప్పుడు ఏ కొత్త సంచిక తెచ్చి మన సెట్టుకు గండి కొడతాడో అన్న భయంతో నిద్రపట్టదు. మానేసిన కళాకారుడే మనశ్శాంతినిచ్చే కళాకారుడు. అధ్యక్షుల వారు ఇలా ప్రసంగించారు: "మిత్రులారా! గొప్ప కళాకారులు ఎప్పుడు మొదలుపెట్టాలో ఎరిగినవారు కారు, ఎప్పుడు ఆపాలో ఎరిగినవారు! ఇరవై! ఎంత చక్కని అంకె! ఒక పెట్టెలో సరిగ్గా పడుతుంది! గ్లెనిస్ మన పెట్టె కొలత చూసే ఆపిందని నా ప్రగాఢ విశ్వాసం!" ఆమె విరమణను అభినందిస్తూ తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. ఆమెకో పూలగుత్తి పంపాలని కూడా అనుకున్నాం కానీ పూలలో తడి ఉంటుందని డెల్విన్ అభ్యంతరం చెప్పింది.

సరిగ్గా ఇరవై మూడు రోజులకు పిడుగు పడింది.

మోకాళ్ళ నొప్పులకు నీళ్ళలో వ్యాయామం చేయమని డాక్టరు చెప్పడంతో డెల్విన్ ఆ కొలనుకు వెళ్ళింది. తొడుగులతోనే దిగిందనుకోండి. బయటికొచ్చి, ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గదిలో అడుగుపెట్టి, అక్కడ చూసిన దృశ్యాన్ని ఆమె అత్యవసర సమావేశంలో ఇలా విన్నవించింది.

"బెంచీ మీద ఒక పెద్దావిడ కూర్చుంది. తలకి తువ్వాలు. చేతులు తడి. ఆ తడి చేతుల్లో... నేను చెప్పలేను..."

"చెప్పండి డెల్విన్, ధైర్యం తెచ్చుకోండి" అన్నాడు మెర్విన్.

"ఇరవయ్యో సంచిక. ఆవిడ పేజీ తిప్పింది. వేలు నాలిక్కి అద్దుకుని మరీ తిప్పింది! తిప్పి, పకపకా నవ్వింది!"

హాలులో ఇద్దరు తలలు పట్టుకున్నారు. ఒకాయన బయటికి వెళ్ళి మంచినీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, పూర్తిగా ఆరాక లోపలికొచ్చాడు.

విచారించగా తేలిందేమిటంటే, ఇరవయ్యో సంచికకు పిన్నులు కొడుతున్నప్పుడు ఒక ప్రతికి అట్ట తలకిందులుగా పడింది. తప్పు పడ్డదానికి అంకె వేయలేదు, సంతకం పెట్టలేదు. పారేయడానికి గ్లెనిస్‌కు మనసొప్పలేదు. ఆడవాళ్ళ గదిలో బెంచీ మీద వదిలేసింది. మర్నాడు కనబడకపోతే ఊడ్చేవాళ్ళు తీసేశారనుకుంది. అంటే ముప్పై ఒకటో ప్రతి ఒకటి ఈ లోకంలో ఉంది. నిబంధన నాలుగు ఉల్లంఘన జరిగిపోయింది. గ్లెనిస్ స్వతంత్రురాలు కాదని తేలితే ఆమె ఇరవై సంచికలూ ఒక్కపూటలో మామూలు కాగితాలైపోతాయి. ఆమె జనం మెప్పుకోసం కథ మార్చిందా, లేక పొరపాటున జనానికి నచ్చిందా అన్నది తేల్చాల్సిన బాధ్యత విచారణ సంఘం మీద పడింది.

తేల్చాలంటే కథ ఏమిటో తెలియాలి. తెలియాలంటే ఎవరో ఒకరు తమ సంచి విప్పాలి.

అంతవరకూ వీరావేశంతో మాట్లాడిన ఇరవై ఏడుగురమూ ఒక్కసారిగా సీలింగు ఫ్యాన్లను పరిశీలించడం మొదలుపెట్టాం. తన ప్రతి తనది కాదనీ భార్యదనీ ఒకరన్నారు. పెళ్ళి కాలేదు కదా అంటే, చేసుకున్నాక ఆమెదే అవుతుందన్నారు. మరొకరు తాను ఉదారంగా విప్పేవాడినే కానీ ఆ ప్రతిమీద తనకున్న గౌరవం అడ్డొస్తోందన్నారు. చీట్లు తీశాం. మెర్విన్ పేరు వచ్చింది. చీటీ మడత సరిగ్గా లేదని ఆయన దాన్ని కొట్టేశాడు. చివరికి ఆయనే ఒక శాస్త్రీయ మార్గం సూచించాడు. ఆయన పాత దంతశాలలో ఇంకా పనిచేస్తున్న ఎక్స్‌రే యంత్రం ఉంది. భద్రాగారంలోని ప్రతిని సంచి విప్పకుండానే తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయించాం. నల్లటి ఫిల్ములో రెండు పిన్నులు తెల్లగా మెరిశాయి. "రెండూ ఆరోగ్యంగా ఉన్నాయి. పుచ్చులేమీ లేవు" అని నివేదిక వచ్చింది. కథ మాత్రం పడలేదు.

ఇక మిగిలిన దారి ఒక్కటే. మార్కులు పోవడానికి మార్కులే లేని ప్రతి, అంటే ఆ అపరాధి ప్రతినే పట్టుకురావాలి. కార్యదర్శిని కనుక నన్ను పంపారు.

మంగళవారం పదకొండింటికి, వ్యాయామం తరగతి వదిలే వేళకు, కొలను దగ్గర కాఫీ కొట్టు ముందు ఆ పెద్దావిడను పట్టుకున్నాను. పేరు సూలా మనోలాకిస్. డెబ్బై నాలుగేళ్ళు. తల మీద తువ్వాలు కిరీటంలా ఉంది.

"అమ్మా, ఒక పుస్తకం తమ దగ్గరుందని తెలిసింది."

"ఎవరు చెప్పారు? ఆ చేతితొడుగుల మనిషేనా? నీళ్ళల్లో కూడా తీయలేదు. ఆమెకేం జబ్బు నాయనా?"

"జబ్బు కాదండీ, సంరక్షణ."

"పాపం. పెద్ద డాక్టరుకి చూపించండి."

"ఆ పుస్తకం సంఘానికి కావాలండీ."

"వరస ఉందయ్యా. నీళ్ళ వ్యాయామంలో మేం పద్నాలుగుమందిమి. ఇప్పుడు మా జట్టులో అసుంటా అనే ఆవిడ దగ్గరుంది, తన మనవరాలికి జ్వరమొస్తే పక్కన కూర్చుని చదువుతోంది. నీ వంతు పదిహేనోది. పేరు రాసుకోనా?"

"నేను చదవడానికి అడగట్లేదండీ."

"మరి దేనికి?"

మా నిబంధనావళిలో నలభై రెండు నిబంధనలున్నాయి. ఆ ప్రశ్నకు జవాబు మాత్రం లేదు. తడుముకుని, "దాచడానికి" అన్నాను.

ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "దాచడమంటే, మా ఆయన పోయేముందు పెట్టిన ఆలివ్ ఊరగాయ తొమ్మిది జాడీలుండేవి నా దగ్గర. ఆరేళ్ళయింది. ఎనిమిది తినేశాం. తొమ్మిదోది మొన్న ఆదివారం మూత తీశాను. దాచి పెట్టుంటే ఆయన కలలోకొచ్చి తిట్టేవాడు, పాడైపోతే ఎందుకే నేను చేసిందీ అని. సరేగానీ, ఈ పుస్తకం చివర ఇదే ఆఖరు సంచికని రాసుంది. ఎవరు నాయనా గీసింది? పేరు లేదు, పాడు లేదు. మేం నెల నుంచి వెతుకుతున్నాం."

"టికెట్ కిటికీలో ఉంటుందే, గ్లెనిస్..."

"ఆ తల ఎత్తని మనిషా! పొద్దున్నే టికెట్ కోసి ఇస్తూ ఒక్క మాట మాట్లాడదు, ఆవిడా మమ్మల్నందర్నీ ఇలా చూసింది? అమ్మ దొంగా! మానేస్తోందా? ఎందుకు?"

"ఎవరూ చదవట్లేదని. మాకు మాత్రం మంచిదేనండీ, సెట్టు పూర్తవుతుంది."

"నీ సెట్టు మీద నీళ్ళు పొయ్య!" అంది సూలా, మామూలు గొంతుతోనే. "మీ సభ ఎప్పుడన్నావు? ఆదివారమా? నేనే వస్తా."

వచ్చింది. ఇంకా ఇద్దరు పెద్దావిడల్ని వెంటేసుకుని వచ్చింది. ముగ్గురి జుట్లూ తడిగా ఉన్నాయి. వాళ్ళు లోపల అడుగుపెట్టగానే డెల్విన్ పరికరంలో ముల్లు గిర్రున తిరిగి ఆగిపోయింది, మళ్ళీ కదల్లేదు. నిందితురాలి కుర్చీలో గ్లెనిస్ కూర్చుని ఉంది. టికెట్లు కోసే మనిషికే టికెట్ కోసి సంఘం జాబితాలోంచి పంపేస్తున్నారని ఆమెకూ తెలుసు. పెద్దగా పట్టించుకున్నట్టు లేదు. మానేస్తానన్న మనిషిని తీసేస్తే ఏమొస్తుంది?

సూలా తువ్వాలు మడత విప్పి ముప్పై ఒకటో ప్రతిని బల్ల మీద పెట్టింది. హాలంతా వెనక్కి జరిగింది. నీళ్ళు తాగి రెండింతలు లావెక్కింది పుస్తకం. అట్ట తలకిందులు. మూలలు నాలుగూ నాలుగు దిక్కులు చూస్తున్నాయి. ఒక పేజీ మీద లిప్‌స్టిక్ మరక, ఒక పేజీ అంచున పాలకూర కూరిన రొట్టె వండే పద్ధతి, ఒక దాని మీద మనవరాలి జ్వరం లెక్కలు. పదికి ఎన్ని మార్కులని ఎవరో గుసగుసగా అడిగారు. "సున్నా కింద ఇంకో సెల్లారు తవ్వాలి" అన్నాడు మెర్విన్.

అప్పుడావిడ చదివింది. మా సంఘం ఇరవై రెండేళ్ళ చరిత్రలో, ఆ హాల్లో, ఒక కామిక్ చదవబడింది. బొమ్మ వచ్చినప్పుడల్లా పుస్తకం తిప్పి అందరికీ చూపిస్తూ, ఒక్కో పాత్రకు ఒక్కో గొంతు పెడుతూ చదివింది.

కథ ఇది. పెద్దావిడలు ఎగురుతూ వ్యాయామం చేసే ఒక ఈతకొలను. దానికి ప్రతి ఆదివారం ఒక క్లబ్బు వాళ్ళు వస్తారు. అందరికన్నా ఖరీదైన ఈతబట్టలు, అందరికన్నా మంచి కళ్ళద్దాలు, అందరికన్నా మెత్తటి తువ్వాళ్ళు. వచ్చి గట్టు మీద వరసగా నిలబడతారు. "నీలం ఎంత బాగుంది!" అంటారు. "లోతు చూశారా!" అంటారు. ఎవరూ దిగరు. దిగితే బట్టలు తడుస్తాయి. పొరపాటున ఒక కుర్రాడు కొలనులో దూకితే నీళ్ళు చింది తమ మీద పడ్డాయని అతని మీద ఫిర్యాదు రాస్తారు. క్లబ్బు పెద్ద, బారు మీసాలాయన, గట్టు మీద నిలబడి ఈత గొప్పదనం గురించి గంటన్నర ఉపన్యసిస్తాడు. వరస చివర నల్లటోపీ పెట్టుకున్న ఒకావిడ ఉంటుంది. ఆఖరి బొమ్మలో అందరూ పెద్దాయన్నే చూస్తుండగా, ఆవిడ చెప్పు విడిచి, కాలి బొటనవేలు నీటి వైపు చాస్తుంది. వేలికీ నీటికీ మధ్య వెంట్రుకంత సందు. అంతే. ఆ కింద "ఇదే ఆఖరు సంచిక" అని చిన్నక్షరాలు.

మేం నవ్వామండీ. మామూలుగా కాదు. కిటికీ అద్దాలు కదిలేలా నవ్వాం. మెర్విన్‌కైతే కళ్ళనీళ్ళు ఆగలేదు. "ఎలాంటి మూర్ఖులు ఉంటారయ్యా లోకంలో! కొలను దాకా వచ్చి దిగరా! ఈతకొలను వాళ్ళని భలే ఉతికావమ్మా గ్లెనిస్!" అన్నాడు.

సూలా పుస్తకాన్ని ఆయన మొహం పక్కన పెట్టి అటూ ఇటూ చూసింది. "మీసం నీదే కదయ్యా?"

నవ్వు ఒక్కసారిగా సంచిలో వేసి పట్టీ అంటించినట్టు ఆగిపోయింది. మెర్విన్ మీసం తడుముకుని, "ఇలాంటి మీసాలు ఊళ్ళో చాలా ఉన్నాయి. కళలో వ్యక్తిగత పోలికలు వెతకడం అనాగరికం" అని తేల్చాడు. అందరికీ అది సబబుగానే తోచింది. బొమ్మలో ఆ మీసం పక్కన నిలబడ్డవాడి చెవులు నావేనా అని నేనొక్కణ్ణే రహస్యంగా తడుముకున్నాను.

సూలా అప్పటికే గ్లెనిస్ వైపు తిరిగింది.

"ఏమ్మా, పన్నెండో పేజీలో నీళ్ళలో ఎగురుతున్నది నేనేగా?"

"అవునండీ." గ్లెనిస్ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"ఆ తొడలేంటి? కర్రపుల్లలా? మా ఆయన ఉంటే నన్ను గుర్తుపట్టేవాడా? నలభై ఏడేళ్ళు వండి తిని పెంచుకున్న తొడలు! అది మొదటి తప్పు. రెండోది, ఎనిమిదో పేజీలో హాస్యం సాగదీశావు, అసుంటాకి నిద్రొచ్చింది. మూడోది, అసలుది. ఆ నల్లటోపీ ఆవిడ దిగిందా లేదా?"

"అది... అక్కడితో ఆపేశానండీ."

"ఆపేస్తావా? ఎవరిని అడిగి? పద్నాలుగుమందిమి నెల నుంచి కొట్టుకు చస్తున్నాం! అసుంటా దిగిందంటుంది, నేను దిగలేదంటాను, ఇద్దరికీ మాటల్లేవు! ఎవరో ఒకరు నోరు మూసుకునేలా తేల్చు. ఆ వేలు పట్టుకుని మేం ఎన్నాళ్ళు కూర్చోవాలి?"

గ్లెనిస్ ఆవిడ మొహంకేసి అలాగే చూసింది. పదేళ్ళు ఇరవై సంచికలు గీసిన మనిషికి మొదటిసారి తిట్లు పడ్డాయి. అదేదో పతకం మెడలో వేస్తున్నట్టు మెడ కొంచెం వంచింది కూడా. తర్వాత నా ముందున్న పెన్సిలు తీసుకుంది. సంఘం పెన్సిలు, వస్తువుల జాబితాలో ఉన్నది, అడక్కుండానే తీసుకుంది. సూలా వైపు ఓరగా చూస్తూ, సమావేశ ఎజెండా వెనకవైపు రెండు గీతలు గీసింది. తొడలు.

"ఇంత చాలా?"

"ఇంకొంచెం" అంది సూలా. "ఆఁ, ఇప్పుడు నేనే."

"నల్లటోపీ సంగతి ఇరవై ఒకటోదాంట్లో చెప్తానండీ."

ఇరవై ఒకటి! ఆ అంకె వినగానే హాల్లో ఆర్తనాదాలు రేగాయి. పెట్టెలో ఇరవయ్యే పడతాయి! మెర్విన్ బల్ల గుద్దాడు. "మిత్రులారా! ఇంతకంటే రుజువేం కావాలి? ఒక పాఠకురాలు అడిగింది, ఒక కళాకారిణి జవాబు చెబుతానంది! బహిరంగంగా! మన కళ్ళెదుట! స్వాతంత్ర్యం మీద ఇంత దారుణమైన దాడి ఈ హాలు ఎన్నడూ చూడలేదు!" గ్లెనిస్ ట్రస్కాట్‌ను జాబితా నుంచి తొలగిస్తూ, ఇరవయ్యో సంచికే ఆఖరిదనీ, ఇరవై ఒకటోది ఒకవేళ వచ్చినా రానట్టేననీ తీర్మానం పెట్టారు. ఇరవై ఆరుమంది చేతులెత్తారు. నేను లెక్కపెట్టే పనిలో ఉన్నాను కనుక ఎత్తలేదు. ఆ ముగ్గురు పెద్దావిడలూ గ్లెనిస్‌ను భుజాల చుట్టూ చేతులేసి తీసుకుపోయారు. పోతూ పోతూ లామింగ్టన్లు పళ్ళెంతో సహా పట్టుకుపోయారు.

మూడు నెలలకు ఇరవై ఒకటో సంచిక వచ్చింది. అంటే రానట్టు వచ్చింది. రెండువందల ప్రతులు, టికెట్ కిటికీలో, టికెట్ల పక్కనే. మా వాళ్ళెవరూ ఆ వీధి వైపు తొంగి చూడలేదు. నేను మాత్రం పదిరోజులు నిగ్రహించుకుని పదకొండో రోజు వెళ్ళాను. కారణం దాచడమెందుకు? నల్లటోపీ ఆవిడ దిగిందో లేదో తెలియక అన్నం సయించలేదు.

"ఒకటివ్వు గ్లెనిస్. సంచి నేనే తెచ్చుకున్నా."

"సంచి లోపల పెట్టుకో వార్విక్. మొదటి పేజీ ఇక్కడే చదవాలి, అప్పుడే ఇస్తా. కొత్త నిబంధన."

"వెనక తొమ్మిదిమంది ఉన్నారు గ్లెనిస్."

"చదువు నాయనా, మేం ఆగుతాం" అంది వెనక నుంచి ఎవరో తువ్వాలు తల.

చదివాను. మొదటి పేజీ, రెండో పేజీ, అక్కడే గోడకానుకుని మొత్తం చదివాను. ఆరో పేజీలో చేటల్లాంటి చెవులున్న ఒక కార్యదర్శి ఉన్నాడు. అన్నీ వింటాడు, అన్నీ రాసుకుంటాడు, ఒక్క ముక్కా బుర్రకెక్కించుకోడు. నవ్వాను. తుంపర్లు పడ్డాయి. రెండు మార్కులు. ఆఖరి పేజీలో ఏమైందో చెప్పను, కిటికీ తొమ్మిదింటికి తెరుస్తారు. ఇంకేదో కూడా పడింది ఆ పేజీ మీద. అలాంటి పుస్తకాన్ని ఎక్కడికి ఇచ్చేయాలో మొదట్లోనే చెప్పాను. ఇంటికెళ్ళి ఆమెకో ఉత్తరం రాశాను, చెవులు మరీ అంత పెద్దవి కావని. ఇరవై మూడో సంచికలో చూద్దామని జవాబొచ్చింది. ఇరవై రెండోదాంట్లో వేరే వాళ్ళ చెవులున్నాయట.

అంతరాత్మ అనేది ఒకటుంటుంది కదా. ఈ ఏడాది వార్షిక నివేదికలో అంతా ఒప్పుకున్నాను. ఫలానా రోజున, ఫలానా కిటికీ దగ్గర, నేను ఒక పుస్తకం తెరిచితిని, చదివితిని, నవ్వితిని, నాపై కఠిన చర్య తీసుకోవలెను అని మూడో పేజీలో లావు అక్షరాలతో రాశాను. ఇరవై ఏడు ప్రతులు తీసి సర్వసభ్య సమావేశంలో పంచాను. ఇరవై రెండేళ్ళ స్నేహాలు ఈ పూటతో సరి అనుకున్నాను.

మెర్విన్ నివేదికను అంచులు పట్టుకుని వెలుతురులో పెట్టి చూశాడు. డెల్విన్ కొత్త తొడుగులతో బరువు అంచనా వేసింది. నివేదికను ఆమోదిస్తున్నామనేవారు చేతులెత్తాలన్నారు. ఇరవై ఆరు చేతులూ లేచాయి. ఇంత సమగ్రమైన నివేదిక సమర్పించినందుకు నన్ను అభినందిస్తూ, మరో మూడేళ్ళు నేనే కార్యదర్శిగా కొనసాగాలని కోరారు. చప్పట్లు కూడా కొట్టారు.

నవ్వుతున్నారా? నవ్వండి, నవ్వండి. మీ కాలనీ సంఘంలోనో, మీ ఆఫీసు సహకార సంఘంలోనో పోయినసారి మీరు చెయ్యెత్తి ఆమోదించిన నివేదిక మూడో పేజీలో ఏముందో, ఒక్క వాక్యం చెప్పండి.